గోడ మీద కోతి... కుండీలో మర్రి!

రోహిణి కార్తె. మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళప్పుడు మన పల్నాడు వీధుల్లో మనిషి సంగతి సరే, కుక్క కూడా కనబడదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మనకు పక్కనే కదా! తలుపులు వేసుకుని, కూలరు పెట్టుకుని, ఓ కునుకు తీద్దామని నడుం వాల్చానో లేదో, మేడ మీద ధనాల్మని చప్పుడు.

ఎక్కి చూస్తే ఏముంది! పిట్టగోడ మీద వరసగా నాలుగు కోతులు. కింద ముక్కలైన కుండీ. పన్నెండేళ్ళ నా మర్రి బోన్సాయ్ వేళ్ళు పైకి పెట్టుకుని గచ్చు మీద పడి ఉంది. ఒక్క ఆకు మిగల్లేదు.

ఆ మర్రి నర్సరీలో కొన్నది కాదు. గురజాల దగ్గర మా పుట్టింటి నాపరాతి ఇల్లు పడగొట్టించేటప్పుడు గోడ పగుల్లో వేలెడంత మొక్క కనబడింది. మా అమ్మే దాన్ని పిసరంత మట్టితో సహా ఊడదీసి, తడిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఇప్పుడా ఇల్లూ లేదు, అమ్మా లేదు. ఆ చెట్టు ఒక్కటే ఉంది. అందుకే ఆ మధ్యాహ్నం కుండీ పెంకులు ఏరుతూ నేను ఏడ్చానంటే మీరు నవ్వకండి.

చప్పుడు విని వచ్చిన ఎదురింటి పెద్దమ్మగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని ఓ నిమిషం చూశారు. "ఏడుస్తావేందమ్మాయ్! ఆకులు పోతే చెట్టు చచ్చిపోయిద్దా? దాని పానం యేళ్ళల్లో ఉంటది. ముందు ఆ యేళ్ళు ఎండకు మాడకుండా చూడు" అన్నారు.

ఆ చెట్టు ఏమైందో చివర్లో చెబుతాను. మీ ఇంట్లోనూ ఓ బోన్సాయ్ ఉండి, మీ గోడల మీదా కోతులో, ఉడుతలో తిరుగుతుంటే మాత్రం నాలా కుండీ పగిలాక నేర్చుకోవద్దు. ఇప్పుడే చదవండి.

చిట్టి చెట్టుకే ఎందుకింత ముప్పు?

బోన్సాయ్‌ని మనవాళ్ళు ముద్దుగా వామన వృక్షం అంటారు. చైనాలో పుట్టి, జపాన్‌లో పెరిగి పెద్దదైన కళ ఇది. జపాన్ భాషలో బోన్సాయ్ అంటే పళ్ళెంలాంటి తొట్టెలో నాటిన మొక్క అని అర్థం. మన వాతావరణానికి మర్రి, రావి, జువ్వి, చింత, సీమచింత, దానిమ్మ, కాగితంపూల చెట్టు చక్కగా ఒదుగుతాయి.

ఊరి చివర మర్రి మీద పది కోతులు ఎక్కి ఊగినా చెట్టుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. కుండీలోని మర్రికి ఉండేది గుప్పెడు ఆకులు, జానెడు వేళ్ళు, రెండు మూడు అంగుళాల లోతు మట్టి. ఒక కోతి ఒక్క నిమిషం ఆడుకుంటే పదేళ్ళ కష్టం నేలపాలు. విరిగిన కొమ్మ మళ్ళీ రావచ్చు గానీ, మనం ఏళ్ళ తరబడి తీగ చుట్టి తీర్చిన ఆ వంపు రాదు.

పైగా వేసవిలో అడవిలో, చేలల్లో పచ్చదనం ఎండిపోతుంది. వాగులు అడుగంటుతాయి. మాచర్ల అవతల నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. అలాంటప్పుడు మన డాబా మీద తడిమట్టి, లేత చిగురు కనబడితే ఆకలిగొన్న ప్రాణి ఊరుకుంటుందా? కోతికి కొబ్బరికాయ దొరికినట్టే!

కోటప్పకొండ మీద కాకులు వాలవని మన ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. మన డాబాలకు అలాంటి వరమేదీ లేదు కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

ముందు దొంగ ఎవరో పట్టుకోండి

చెట్టు పాడవగానే చేతికందిన మందు కొట్టేయకండి. ఎవరొచ్చారో తెలియకుండా చేసే వైద్యం దండగ. ఆనవాళ్ళు ఇలా ఉంటాయి.

కుండీ దొర్లిపోయి, కొమ్మలు విరిగి, చుట్టూ చిందరవందరగా ఉంటే అది కోతి పని. కుండీ కదలకుండా ఆకులు మాత్రం దూసినట్టు మాయమైతే కొండముచ్చును అనుమానించండి. దానికి ఆకులే ముఖ్యమైన తిండి.

కొమ్మ చివర ఏటవాలుగా, కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే ఎలుకో, ఉడుతో కొరికిందన్నమాట. అదే చివర చీలికలై, పీకినట్టు ఉంటే మేక వచ్చి వెళ్ళింది. మేకకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. అందుకే అది కొరకదు, పట్టి లాగుతుంది. వీధి వైపు అరుగుల మీద కుండీలు పెట్టుకునేవారికి ఈ బాధ ఎక్కువ. మర్రాకు, రావాకు అంటే మేకలకు ప్రాణం.

తెల్లారేసరికి మట్టి గుంటలు తవ్వి బయటకు పోసి ఉంటే పందికొక్కు. పట్టపగలు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే ఉడుత. గుంట తవ్వి, మళ్ళీ పూడ్చి, దుర్వాసన కూడా వస్తుంటే పిల్లి. నాచు ముక్కలు పీకి పడేసి ఉంటే కాకి. మట్టిలో గిన్నెలాంటి పల్లం ఏర్పడితే పిచ్చుకలు మట్టిస్నానం చేశాయన్నమాట.

వానాకాలంలో ఆకు మీద, కుండీ అంచు మీద వెండి గీతలాంటి మెరుపు కనిపిస్తే నత్తలు. ఆకు కింద నల్లని చిన్న ఉండలు రాలి ఉంటే గొంగళిపురుగు. ఆకు అంచున గుండ్రంగా కత్తెరతో కత్తిరించినట్టు ఉంటే కంగారు పడకండి. అది ఆకులు కత్తిరించే ఒక రకం తేనెటీగ. ఆ ముక్కను అది తినదు, గూటికి పట్టుకుపోతుంది. చెట్టుకు వచ్చే నష్టమేమీ లేదు.

ఇంకా తేలకపోతే ఒక చిట్కా. రాత్రి పడుకునే ముందు కుండీ చుట్టూ నేల మీద పలచగా ముగ్గు చల్లండి. తెల్లారేసరికి దొంగగారి అడుగులు వాటంతట అవే పడి ఉంటాయి. ముగ్గు కుండీలో మాత్రం పడనివ్వకండి.

పిలిచి పీట వేస్తున్నది మనమేనా?

ఇది చదివి మీకు కోపం రావచ్చు. నాకూ మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ చాలా ఇళ్ళలో ఈ అతిథులను పిలిచేది మనమే.

మొక్క బలంగా పెరగాలని వేరుశనగ చెక్క, ఎముకల పొడి కుండీలో చల్లుతాం. ఆ వాసన పందికొక్కులకు, ఎలుకలకు, కుక్కలకు విందు కబురు లాంటిది. మట్టిని తవ్వేది మొక్క మీద పగతో కాదు, ఆ చెక్క కోసం. అందుకని చెక్కను నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, పైన తేరిన నీటిని పది రెట్లు మంచినీళ్ళలో కలిపి పోయండి. మడ్డిని కుండీలో వేయకండి. గట్టి ఎరువు వేయాలంటే వేపపిండి మంచిది. దాని చేదు చాలా జీవులకు నచ్చదు.

ఆముదం పిండి విషయంలో ఇంకా జాగ్రత్త. అది మొక్కకు మంచిదే గానీ, అందులో ఉండే విషం కుక్కలకు, మేకలకు, దూడలకు ప్రాణాంతకం. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో కుండీల్లో వేయకపోవడమే మేలు.

రెండోది, మనం మేడ మీద ఆరబెట్టే వడియాలు, అప్పడాలు, చింతపండు. కోతులు నిజానికి వచ్చేది వాటి కోసం. వచ్చాక పక్కనే ఉన్న కుండీ వాటికి ఆటబొమ్మ అవుతుంది. మా మేడ మీద జరిగిందీ అదే. ఆ రోజు పొద్దున్నే నేను సగ్గుబియ్యం వడియాలు పెట్టాను! వడియాలూ కుండీలూ ఒకేచోట ఉండకూడదన్నది ఆ రోజు నేర్చుకున్న మొదటి పాఠం. అవి ఎండినన్నాళ్ళు చెట్టును కిందికి దించేయండి.

మూడోది, పుణ్యమని కోతులకు అరటిపండో, రొట్టో పెట్టడం. కొండ మీద గుడికి వెళ్ళినప్పుడు అలవాటైన పని ఇంటికి కూడా తెచ్చుకుంటాం. ఒకసారి పెట్టిన చేతిని కోతి మరచిపోదు. మర్నాడు పెట్టకపోతే లాక్కుంటుంది. పుణ్యం చేయాలనుకుంటే నీళ్ళు పెట్టండి. ఆ సంగతి కింద చెబుతాను.

చెట్టు చుట్టూ కంచె మనకు కొత్తా?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి కూడా ఇందులోకే వచ్చింది. అక్కడి స్తూపం శిల్పాల్లో బోధివృక్షాన్ని పూజించే దృశ్యాలు ఉన్నాయి. బౌద్ధశిల్పాల్లో బోధివృక్షం చుట్టూ రాతికంచె చెక్కడం ఆనవాయితీ. విలువైన చెట్టుకు కంచె కట్టాలని దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే మనవాళ్ళకు తెలుసు.

ఇంకో ముచ్చట. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఒక పైన్ జాతి బోన్సాయ్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు అది ఆ ఊళ్ళోనే, యమాకి అనే కుటుంబం నర్సరీలో ఉంది. ఎత్తయిన గోడ అడ్డుండటంతో బతికి బట్టకట్టింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. 2001లో ఆయన మనవళ్ళు చూడటానికి వచ్చి చెప్పేదాకా ఆ చెట్టు హిరోషిమాలో బతికి బయటపడిందని అక్కడివాళ్ళకు తెలియదు. బాంబు నుంచే చెట్టును ఓ గోడ కాపాడితే, కోతి నుంచి మనం కాపాడుకోలేమా!

కోళ్ళగంప నుంచి ఇనుప గూడు దాకా

ఖర్చు లేని కంచె కోళ్ళగంప. పల్నాటి యుద్ధానికి కోడిపందెమే నాంది అని చెప్పుకునే గడ్డ మనది, ఇక్కడ గంపకు కరువా? ఒకటి రెండు బోన్సాయ్‌లే ఉంటే మధ్యాహ్నం పూట వాటి మీద గంప బోర్లించి, పైన బరువైన రాయి పెట్టండి. మేకలు, కోళ్ళు, కాకులు, పిల్లులు దగ్గరికి రాలేవు. గంప సందుల్లోంచి గాలి ఆడుతుంది. రోహిణి కార్తె ఎండకు కాస్త నీడ కూడా దొరుకుతుంది. సాయంత్రం తీసేయండి. గంప కోతిని ఎక్కువసేపు ఆపదు. అది ఎత్తి చూడగలదు.

ఐదారు చెట్లు ఉన్నవారు ఓ ఇనుప గూడు చేయించుకోవడం మంచిది. మూలన పడేసిన పాత కూలరు స్టాండు, విరిగిన మంచం చట్రం, పాత కిటికీ చువ్వలు ఏవైనా పనికొస్తాయి. వెల్డింగు షాపులో చట్రం చేయించి, దాని చుట్టూ అర అంగుళం కళ్ళున్న ఇనుప మెష్ బిగించమనండి. అంగుళం కళ్ళయితే చిన్న ఎలుకలు దూరిపోతాయి. నాలుగు సంగతులు మరచిపోవద్దు.

1. పైకప్పు కూడా మెష్‌తోనే మూయాలి. కోతి పై నుంచే దిగుతుంది.

2. కొమ్మలకూ మెష్‌కూ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉంచండి. ఆకు మెష్‌కు ఆనుకుని ఉంటే బయటి నుంచే గిల్లేస్తాయి. పైగా ఎండకు కాలిన ఇనుము తగిలి ఆకు మాడిపోతుంది.

3. ఉట్టి గడియ సరిపోదు. మన పిల్లలు తీసినంత సులువుగా కోతి గడియ తీస్తుంది. చిన్న తాళం వేయండి, లేదా గడియ కన్నంలో తీగ దూర్చి మెలి తిప్పండి.

4. గూడు గాలికి దొర్లకుండా గోడకో, స్తంభానికో కట్టండి.

గూడు చేయించే వీలు లేనివారు కుండీనైనా కదలకుండా కట్టేయండి. కుండీ అడుగున నీరు పోయే కన్నాల్లోంచి గట్టి తీగ దూర్చి కింది చెక్కకో, స్టాండుకో బిగించవచ్చు. చెట్టును కూడా అలాగే అడుగు తీగతో కుండీకి కట్టి ఉంచాలి. అప్పుడు కోతి లాగినా కొమ్మ పోతుందేమో గానీ చెట్టు వేళ్ళతో సహా ఊడిరాదు.

మట్టి తవ్వకుండా పైన చిన్న రాళ్ళు పరవండి. ఇక్కడో హెచ్చరిక. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపురాయి ముక్కలు, నాపరాతి ముక్కలు ఊరికే దొరుకుతాయి గదా అని అవి వేయకండి. వాటిలోని సున్నం మెల్లగా మట్టిలోకి దిగి మొక్కకు ఇనుము అందకుండా చేస్తుంది. ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. నల్లరాతి కంకర గానీ, ఏటి గులకరాళ్ళు గానీ వాడండి.

కాగితంపూల చెట్టు కత్తిరించినప్పుడు వచ్చే ముళ్ళ కొమ్మలను పారేయకండి. చిన్న ముక్కలు చేసి మట్టి మీద పరిస్తే పిల్లులు, ఉడుతలు కాలు పెట్టవు. చంటిపిల్లలున్న ఇళ్ళలో మాత్రం ఈ పని వద్దు.

వల కట్టేవారు బిగుతుగా లాగి కట్టండి. వదులుగా వేలాడే నైలాన్ వలలో పిట్టలు, తొండలు, పాములు చిక్కుకుని చచ్చిపోతాయి. తొండను తరమకండి కూడా. అది పురుగులను తిని మనకు మేలే చేస్తుంది.

గుంటూరు మిరపకాయ... ఉడుతకు ఘాటు, పిట్టకు చప్పన!

మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండే మందు ఎండుమిరప. మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. మనలాగే ఎలుకకు, ఉడుతకు, కోతికి, మేకకు అది నోట్లో నిప్పులా మండుతుంది. పక్షులకు మాత్రం ఆ మంట తెలియదు. చిలుకలు పండుమిరపకాయలు హాయిగా తినడం మీరు చూసే ఉంటారు. పక్షులు గింజలను దూరాలకు మోసుకెళ్ళడం మిరప మొక్కకు లాభమే మరి! కాబట్టి ఈ మందు కాకుల మీద, పిచ్చుకల మీద పనిచేయదు.

తయారీ: ఎండుమిరపకాయలు 50 గ్రాములు, వెల్లుల్లి రెబ్బలు పది, నీళ్ళు ఒక లీటరు. మిరపకాయలను, వెల్లుల్లిని కచ్చాపచ్చాగా దంచి నీళ్ళలో వేసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద పావుగంట మరిగించండి. వంటింటి కిటికీలు తెరిచి ఉంచండి, లేకపోతే ఇల్లంతా దగ్గులే! రాత్రంతా అలాగే ఉంచి, పలచటి బట్టలో వడకట్టండి. మిరప ఘాటు నూనెలో కలిసినంతగా నీళ్ళలో కలవదు. అందుకని ఒక చెంచా వేపనూనె, అర చెంచా ద్రవ సబ్బు వేసి బాగా గిలక్కొట్టండి.

వాడే విధం: ముందు ఒక్క ఆకు మీద చల్లి రెండు రోజులు చూడండి. మచ్చ పడకపోతే సాయంత్రం పొద్దు వాలాక కొమ్మల మీద, కుండీ అంచుల మీద పిచికారీ చేయండి. ఎండలో చల్లితే నూనె వల్ల ఆకు మాడుతుంది. వారానికొకసారి, వాన పడితే మళ్ళీ ఒకసారి చల్లాలి. చేతికి తొడుగు వేసుకోండి. ఆ చేత్తో కళ్ళు నులుముకోకండి. కాయలు తినే దానిమ్మ, నిమ్మ చెట్లయితే కాయలను బాగా కడిగి వాడండి.

పొడి కారం మాత్రం చల్లవద్దు. గాలికి ఎగిరి మన కళ్ళలోనే పడుతుంది. ఉడుత కాళ్ళకు అంటుకుని, అది మొహం తుడుచుకుంటే పాపం దాని కళ్ళు మండిపోతాయి.

ఓ మూకుడు నీళ్ళు

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళుగా నేను గమనించింది ఏమంటే, వేసవిలో వచ్చే పిట్టల్లో, ఉడుతల్లో చాలావాటికి కావలసింది తిండి కాదు, తడి. లేత చిగురు కొరికేది అందులోని నీటి కోసం కూడా. అందుకని కుండీలకు దూరంగా, మేడకు అవతలి మూల, నీడపట్టున వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి. మధ్యలో ఓ రాయి ఉంచితే తేనెటీగలు కూడా మునిగిపోకుండా తాగుతాయి. రోజూ కడిగి కొత్త నీళ్ళు పోయండి. లేకపోతే దోమలు పుట్టుకొస్తాయి.

ఉడుతలకు వేసవి ముందు గూటి సామాను కావాలి. కుండీలోని కొబ్బరిపీచు, నాచు లాగేది అందుకే. కొబ్బరికాయ ఒలిచిన పీచును ఓ గుప్పెడు తీగతో కట్టి అవతలి గోడకు వేలాడదీయండి. దాని పని దానికి జరిగిపోతుంది, మీ నాచు మీకు మిగులుతుంది. రామయ్య వీపు నిమిరిన ప్రాణి కదా, ఆ మాత్రం సాయం చేద్దాం!

పిట్టలకు గింజలు వేసేవారు పొద్దున పూట, ఒక్క గంటలో తినేంతే వేసి, మిగిలింది ఊడ్చేయండి. రాత్రి మిగిలిన గింజ ఎలుకల పాలు.

ఒకోసారి పికిలిపిట్ట మీ బోన్సాయ్‌లోనే గూడు కట్టేస్తుంది. చిరాకు పడకండి. గుడ్లు పొదిగి, పిల్లలు ఎగిరిపోవడానికి నెల రోజులు మించదు. అన్నాళ్ళూ కత్తెర పక్కన పెట్టి, కుండీ జరపకుండా, అంచు నుంచి మెల్లగా నీళ్ళు పోయండి చాలు.

చీమలు, నత్తలు

చీమలు చెట్టెక్కుతుంటే దగ్గర్లో పిండినల్లి ఉందని గుర్తు. పిండినల్లి విసర్జించే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. పాల గిన్నెకు చీమలు పట్టకుండా పళ్ళెంలో నీళ్ళు పోసి పెడతామే, అదే ఉపాయం ఇక్కడా. స్టాండు కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచి, మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి. కొమ్మలు గోడకు తగలకూడదు సుమా! పిండినల్లిని పాత టూత్ బ్రష్‌ను సబ్బు నీళ్ళలో ముంచి రుద్ది తీసేయండి.

నత్తలను చీకటి పడ్డాక టార్చి వేసి ఏరిపారేయడమే ఉత్తమం. ఉప్పు చల్లితే నత్త చస్తుంది గానీ, ఆ ఉప్పు మట్టిలో దిగి చెట్టునూ చంపుతుంది.

ఇవి మాత్రం చేయకండి

ఎలుకల మందు పెట్టకండి. ఆ మందు తిన్న ఎలుకను పిల్లి, గుడ్లగూబ తింటే వాటికీ ముప్పే. పసిపిల్లల చేతికి దొరికితే ఇక చెప్పనే అక్కర్లేదు. జిగురు అట్టలు కూడా వద్దు. వాటికి ఉడుతలు, బల్లులు అంటుకుని నరకయాతన పడతాయి. ఎలుకల బోను చాలు.

కోతులను బెదిరించడానికి కొండముచ్చు బొమ్మలు, ఫ్లెక్సీలు కడుతున్నారు. కొన్నాళ్ళు పనిచేస్తాయి. బొమ్మ కదలదని తెలిశాక దాని భుజం మీదే కూర్చుంటాయి. రోజుకో చోటికి మారిస్తే కొంత నయం. నిజం కొండముచ్చును తెచ్చి కట్టేయడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

మేడ మీద కోతి ఎదురైతే కళ్ళలోకి చూడకండి, పళ్ళు కనబడేలా నవ్వకండి. అది యుద్ధానికి పిలుపు అనుకుంటుంది. వెనక్కి తిరిగి పరుగెత్తకండి. చేతిలో తినేది ఏదైనా ఉంటే అక్కడే వదిలేసి మెల్లగా తప్పుకోండి. చెట్టు కోసం దాని మీదికి వెళ్ళవద్దు. కరిచినా, రక్కినా వెంటనే పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. పసుపు, సున్నం పూసి ఊరుకోవద్దు.

దాడి జరిగిపోయిందా? పారేయకండి

ఏ చెట్టయినా చచ్చిందో బతికిందో చూపే పరీక్ష ఒకటుంది. కాండం మీద గోటితో చిన్న గీత గీయండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగుగా, పొడిగా ఉంటే కాస్త కిందికి దిగి మళ్ళీ గీసి చూడండి.

వేళ్ళు బయటపడితే ముందు వాటిని తడిగుడ్డలో చుట్టి నీడకు చేర్చండి. తర్వాత ఏ పాత ప్లాస్టిక్ టబ్బుకో అడుగున కన్నాలు పెట్టి, అందులో నాటి, తాడుతో కదలకుండా కట్టండి. అందమైన కుండీ తర్వాత చూసుకోవచ్చు. చీలిన కొమ్మలను పదునైన కత్తెరతో నున్నగా కత్తిరించండి. మూడు నాలుగు వారాలు నీడలో ఉంచండి. ఆకు లేని చెట్టు నీళ్ళు తక్కువ తాగుతుంది. అందుకని మట్టి పైపైన ఆరాకే పోయండి. కొత్త ఆకులు వచ్చి ముదిరేదాకా ఎరువు జోలికి పోవద్దు. జబ్బుపడి లేచినవాళ్ళకు పంచభక్ష్య పరమాన్నాలు పెడతామా?

మర్రి, రావి, జువ్వి జాతులకు దేవుడిచ్చిన గుణం ఒకటుంది. వేళ్ళు బాగుంటే మోడు నుంచైనా చిగురిస్తాయి. ఆకులు చిన్నవిగా రావాలని బోన్సాయ్ పెంచేవారే ఒక్కోసారి బలమైన మర్రి ఆకులన్నీ కావాలని తుంచేస్తారు. మేకో, కొండముచ్చో ఆకులు మాత్రమే తింటే ఆ పని అది చేసిపెట్టిందనుకోండి!

నా మర్రి సంగతి చెబుతానన్నాను కదా. ఆ సాయంత్రమే దాన్ని పిండి జల్లించే పాత ప్లాస్టిక్ టబ్బులో నాటి, మెట్ల కింద నీడలో పెట్టాను. రోజూ పొద్దున్నే గోటితో గీసి చూడటం, పచ్చగా ఉందనుకుని ఊపిరి పీల్చుకోవడం. మృగశిర వెళ్ళింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఏమీ లేదు. "ఇంకా ఎన్నాళ్ళు ఆ కట్టెకు నీళ్ళు పోస్తావు?" అన్నారు మావారు. ఆరుద్ర కార్తెలో ఓ పొద్దున చూస్తే, విరిగిన కొమ్మ మొదట్లో ఎర్రగా, మిరపగింజంత మొగ్గ. మర్నాటికి మూడు.

పెద్దమ్మగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆవిడ వంగి చూసి, "చెప్పలా? గోడ పగుల్లో పుట్టిన పానం. అంత తేలిగ్గా పోయిద్దా?" అన్నారు.

ఇప్పుడా చెట్టుకు పాత వంపు లేదు. విరిగిన వైపు బోడిగా ఉంది, రెండో వైపు గుబురుగా పెరిగింది. మా అమ్మ ఇచ్చిన చెట్టు మాత్రం అదే. పాత కూలరు స్టాండుతో చేయించిన గూట్లో, తాళం వేసుకుని భద్రంగా ఉంది. అవతలి మూల మూకుట్లో కోతులు నీళ్ళు తాగి పోతున్నాయి.

గుర్తుంచుకోండి

● వడియాలు, అప్పడాలు ఎండబెట్టే చోట బోన్సాయ్ ఉంచకండి.

● వేరుశనగ చెక్క, ఎముకల పొడి మట్టి మీద చల్లకండి. తేరిన నీళ్ళు పోయండి, లేదా వేపపిండి వాడండి.

● గూటికి అర అంగుళం మెష్, పైకప్పు, తాళం తప్పనిసరి.

● మిరప కషాయం సాయంత్రం పూటే చల్లండి. పక్షులకు అది పనిచేయదు.

● సున్నపురాయి ముక్కలు, ఉప్పు, ముగ్గు కుండీలో పడకూడదు.

● ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా దూరంగా ఓ మూకుడు నీళ్ళు పెట్టండి.

● ఆకులు పోయాయని చెట్టును పారేయకండి. గోటితో గీసి చూడండి, ఓ వానాకాలం ఓపిక పట్టండి.